ఇసుక మీద హైవే

ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి మొదలవడానికి మధ్య పన్నెండు రోజులు ఖాళీ దొరికితే, ఆర్వీ అద్దెకు తీసుకుని ఒరెగాన్ తీరం వెంబడి పైనుంచి కిందికి తిరిగొచ్చాం, నేనూ మా ఆవిడా. పైన యాస్టోరియా, కింద బ్రూకింగ్స్, మధ్యలో 362 మైళ్ళ సముద్రపు ఒడ్డు. ఎక్కడ ఏం తిన్నాం, ఆ పాతికడుగుల బండిని రివర్సులో సైటులోకి ఎలా ఎక్కించాం, మురుగు గొట్టం తగిలించే పని ఎవరి వంతు అయింది లాంటి సంగతులు ఇక్కడ రాయబోవడం లేదు. (మా ప్రెషర్ కుక్కరు విజిల్‌కి పక్క సైటువాళ్ళ కుక్క రాత్రంతా మొరిగిందన్నది తప్ప.) నాలుగో రోజు మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "ఇన్ని బీచిలు చూశాం కదా, ఒక్కచోట కూడా గేటు లేదేమిటి?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో చెప్పాలి. మేం ఇంతకుముందు మసాచుసెట్స్‌లో మూడేళ్ళున్నాం. అక్కడ వేసవిలో సముద్రం చూద్దామని బయల్దేరితే ముందు కనబడేది నీళ్ళు కావు, 'ప్రైవేట్ బీచ్' అన్న బోర్డు. 1640ల నాటి వలస పాలకుల శాసనం ఒకటి ఉంది. దాని ప్రకారం అక్కడ ఒడ్డున ఇల్లున్నవాడి హక్కు పోటు గీత దగ్గర ఆగదు, ఆటు గీత దాకా పోతుంది. మిగతా జనానికి ఆ తడి ఇసుక మీద మిగిలేవి మూడే మూడు పనులు: చేపలు పట్టడం, పక్షుల్ని వేటాడటం, పడవ నడపడం. ఊరికే నడవడం ఆ జాబితాలో లేదు! సూర్యలంకలో కార్తీక పున్నమి స్నానాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. సముద్రానికి వెళ్ళడానికి ఒకర్ని అడగాలన్న ఊహే మా ఊళ్ళో ఎవరికీ రాదు.

మరి ఒరెగాన్‌లో గేట్లు ఎందుకు లేవు?

జవాబు మొదటి ముక్క క్యానన్ బీచ్‌కి కొంచెం దక్షిణాన, హగ్ పాయింట్ అనేచోట కనబడుతుంది. ఆటు సమయంలో వెళ్ళాలి. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున, రాతిని తొలిచి చేసిన బండిబాట ఒకటుంది. నాచు పట్టి, గుంటల్లో నీళ్ళు నిలిచి, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. కొండలూ అడవులూ నిండిన ఆ తీరంలో రోడ్లు వేసే నాథుడు లేని రోజుల్లో ఇసుకే రోడ్డు. గుర్రాలూ, టపా బండ్లూ, తరవాత కార్లూ కూడా ఆటు చూసుకుని తడి ఇసుక మీద పరుగెత్తేవి. ఇలాంటి కొండ ముక్కు అడ్డొచ్చినచోట దాన్ని కరుచుకుని తిరగాలి. 'హగ్' అన్న పేరు అందుకే.

అంటే ఒడ్డు ఒక డొంక అన్నమాట. (గోదావరి వాళ్ళు పుంత అనుకోండి.) డొంక ఎవరి పొలంలోదీ కాదు, అందరి బండీ పోవాలి. ఈ పోలిక నేను సరదాకి తెచ్చింది కాదు, అక్కడి చట్టం సరిగ్గా అదే చెప్పింది. 1899లోనే కొలంబియా నది ముఖం నుంచి క్లాట్సప్ కౌంటీ చివరిదాకా ఉన్న ఒడ్డుని ప్రజా రహదారిగా ప్రకటించారు. తరవాత ఆస్వల్డ్ వెస్ట్ అనే ఆయన గవర్నరయ్యాడు, 1911 నుంచి 1915 దాకా. ఆయన 1912లో గుర్రమెక్కి, క్యానన్ బీచ్ నుంచి ఆర్చ్ కేప్ దాటి, నియాకానీ కొండ మీదుగా నెహేలం వెళుతుంటే ఆలోచన తట్టిందట. తర్వాతి రోజుల్లో తానే చెప్పుకున్నాడు. అప్పటికే రాష్ట్రం ఒడ్డు ముక్కల్ని కొందరికి అమ్మేసింది. ఇలాగే అమ్ముకుంటూ పోతే కొన్నాళ్ళకి ఏమీ మిగలదు.

'ప్రకృతి అందాలు కాపాడాలి, బీచిలు ప్రజలవి' అని బిల్లు పెడితే శాసనసభలో ఎవడూ వినడు. వెస్ట్ ఆ మాట ఎత్తలేదు. కొలంబియా నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా, పోటు గీతకీ ఆటు గీతకీ మధ్య ఉన్న ఒడ్డంతా ప్రజా రహదారి అని నాలుగు ముక్కల్లో బిల్లు రాయించాడు. పన్నుల సొమ్ములోంచి పైసా ఖర్చు లేకుండా రాష్ట్రానికి మైళ్ళకి మైళ్ళు హైవే వస్తోందని చెప్పాడు. 1913లో సభ్యులు సంతోషంగా చేతులెత్తారు. నాకు ఇందులో నచ్చేది ఆ తెలివితేటలే. అబద్ధం ఒక్కటి లేదు, నిజంగానే అది రోడ్డు. అసలు ఉద్దేశం మాత్రం పైకి చెప్పలేదు.

అసలు రోడ్డు, అంటే ఇప్పటి 101 నంబరు హైవే, నెమ్మదిగా వచ్చింది. నదులు అడ్డం. ఒక్కో నది దగ్గరా ఫెర్రీ కోసం కాచుకోవాలి. ఆర్థికమాంద్యం రోజుల్లో కేంద్రం ఇచ్చిన పనుల డబ్బుతో కాండే మెక్‌కల్లా అనే ఇంజనీరు ఐదు పెద్ద వంతెనలు కట్టించాడు. న్యూపోర్ట్, వాల్డ్‌పోర్ట్, ఫ్లోరెన్స్, రీడ్స్‌పోర్ట్, నార్త్ బెండ్ - ఐదూ 1936లోనే తెరిచారు. వాల్డ్‌పోర్ట్‌ది ఉప్పుగాలికి తట్టుకోలేక 1991లో కొత్తది కట్టారు. మిగతా నాలుగింటి మీదా మేం ఆర్వీ నడిపాం. పాతకాలపు లేన్లు, వెడల్పైన బండి, ఎదురుగా దుంగల లారీ. మా ఆవిడ కళ్ళు మూసుకునే దాటింది. వంతెనల అందం దిగి చూస్తేగాని తెలియదు.

ఆర్వీల సంగతికొస్తే ఒక విచిత్రం. 1929 నుంచి 1950 దాకా ఒరెగాన్ రాష్ట్ర పార్కులకి అధికారిగా ఉన్న శామ్యూల్ బోర్డ్‌మన్, తీరంలో కనబడిన ప్రతి కొండముక్కునీ ప్రతి అడవినీ బతిమాలో బేరమాడో పార్కుల్లో కలిపినవాడు. ఆయనకి పార్కుల్లో జనం రాత్రిపూట పడుకోవడం బొత్తిగా నచ్చేది కాదు. వచ్చి చూసి పోవాలి, అంతే. ఆయన రిటైరయ్యాకే అక్కడి పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు లేచాయి. సరిగ్గా జనం యుద్ధం ముగించుకుని, కార్లు కొనుక్కుని, వెనకాల ట్రైలర్లు తగిలించుకుని రోడ్డెక్కిన కాలం. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకి వెళ్ళే బండ్లు దారిలో ఆగడానికని మొంటానాలోని బిల్లింగ్స్‌లో మొదలైన ఒక క్యాంప్‌గ్రౌండే తరవాత కేఓఏ అనే పెద్ద గొలుసయింది. 1966లో అయోవాలోని విన్నెబాగో కంపెనీ మోటార్‌హోములు చేయడం మొదలెట్టింది. ఇలా లక్షలమంది తీరానికి వచ్చిపడుతున్న రోజుల్లోనే గేటు కథ కూడా మొదలైంది.

1966లో క్యానన్ బీచ్‌లో ఒక మోటెల్ యజమాని తన మోటెల్ ముందున్న ఇసుకలో దుంగలు పాతించి, లోపల మా అతిథులే కూర్చోవాలన్నాడు. జనం మండిపడ్డారు. కానీ చట్టం తిరగేస్తే ఆయన తప్పేమీ లేదు! వెస్ట్ చట్టం కాపాడింది తడి ఇసుకని మాత్రమే. పోటు గీత నుంచి గడ్డి మొదలయ్యేదాకా ఉండే పొడి ఇసుక, అంటే మనం దుప్పటి పరుచుకుని పులిహోర తినే చోటు, కాగితాల మీద ఇళ్ళవాళ్ళదే. అరవై ఏళ్ళుగా ఎవరూ ఆ కాగితాలు తీసి చూడలేదు, అంతే తేడా.

1967లో పొడి ఇసుక మీద కూడా ప్రజల హక్కు గుర్తిస్తూ ఒక బిల్లొచ్చి కమిటీలో ఇరుక్కుంది. చచ్చిపోయేదే. మాట్ క్రేమర్ అనే ఏపీ వార్తాసంస్థ విలేకరి వదలకుండా రాశాడు, దానికి 'బీచ్ బిల్లు' అని పేరు తగిలించాడు. పేరు తగిలించాక సామాన్యుడికి అర్థమైంది. ఉత్తరాలు వరదలా వచ్చాయి. గవర్నర్ టామ్ మెక్‌కాల్ స్వయానా మాజీ పాత్రికేయుడు, ఏది ఫోటోలో బాగా పడుతుందో తెలిసినవాడు. మే 13న సర్వేయర్లతో హెలికాప్టర్లో బీచిలో దిగాడు. గీత ఎక్కడ గీస్తే జనానికి ఎంత ఇసుక మిగులుతుందో మేకులు పాతించి చూపించాడు. చివరికి సముద్రమట్టానికి 16 అడుగుల ఎత్తు గీత ఖాయమైంది. జులై 6న సంతకం చేశాడు. క్రేమర్ పేరిట ఒక శిలాఫలకం ఆస్వల్డ్ వెస్ట్ పార్కులో ఉంది. గవర్నర్ పేరున్న పార్కులో విలేకరికి రాయి... మన దగ్గర చూశామా?

మోటెలాయన కోర్టుకెళ్ళాడు. 1969లో ఒరెగాన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో చెబుతారు. జడ్జీలు పట్టుకున్న సూత్రం ఇంగ్లీషు వాళ్ళ పాత న్యాయంలోది: ఆచారం. జనం ఒక నేలని అనాదిగా, ఆగకుండా, గొడవల్లేకుండా, సబబైన రీతిలో వాడుకుంటూ ఉంటే ఆ వాడుకే హక్కవుతుంది. మన పాత రెవెన్యూ భాషలో దీన్నే 'మామూలు' అనేవారు. ఆ మాట ఇప్పుడు ఏ అర్థానికి దిగిందో మీకు తెలుసు. చిన్న చేయి పైకెత్తి చెప్పాలంటే, ఒరెగాన్ ఒడ్డు కాగితం మీద కాదు, అలవాటు మీద నిలబడి ఉంది. తరవాత ఇంకో బీచి స్థలం యజమానులు ఇదే వాదన మళ్ళీ తవ్వితే 1993లో అదే కోర్టు అదే మాట చెప్పింది. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు.

(మధ్యలో ఒక తిమింగలం. 1970 నవంబరులో ఫ్లోరెన్స్ దగ్గర 45 అడుగుల తిమింగలం చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాన్ని తియ్యాల్సిన శాఖ ఏది? హైవే శాఖ! బీచిలూ పార్కులూ అప్పటికింకా వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. రోడ్డు మీద బండరాయి అడ్డొస్తే ఏం చేస్తారో అదే చేశారు. అర టన్ను డైనమైటు పెట్టి పేల్చారు. పావు మైలు దూరంలో ఆపిన కారు కప్పు ఒక ముక్క పడి చితికిపోయింది. తిమింగలం చాలామటుకు అక్కడే ఉంది. 2020లో ఆ ఊళ్ళో ఒక పార్కుకి ఈ పేలుడు పేరే పెట్టుకున్నారు.)

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మా ఆవిడకి జవాబు దొరికినట్టే. కానీ ఆ 1969 తీర్పు చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆచారం పాతదే అని చూపడానికి జడ్జీలు ఏం చెప్పారంటే, మొదట వచ్చిన తెల్లవాళ్ళకి ఇక్కడి ఆదివాసులు తడి ఇసుకలో ఆల్చిప్పలు తవ్వుకుంటూ, పొడి ఇసుకలో పొయ్యి పెట్టుకుంటూ కనబడ్డారు, వచ్చినవాళ్ళు ఆ అలవాటే కొనసాగించారు, అని. ఈ హక్కుకి మూలపురుషులు వాళ్ళే. మరి వాళ్ళేమయ్యారు?

1855లో తీరం వెంట సుమారు వంద మైళ్ళ నేలని ఆదివాసుల రిజర్వేషన్‌గా ప్రకటించారు. తీరపు తెగలతో రాయించుకున్న ఒప్పందాన్ని సెనేటు ఎన్నడూ ఆమోదించలేదు. దక్షిణాన కూస్ బే ప్రాంతం వాళ్ళని తోలుకొచ్చి యాహాట్స్ దగ్గర పడేశారు. ఆకలి, జబ్బులు. చాలామంది పోయారు, కొందరు పారిపోయి సొంత ఊళ్ళకి చేరారు. 1864లో సైనికులు వెళ్ళి వాళ్ళని వెతికి మళ్ళీ పట్టుకొచ్చారు. వాళ్ళలో అమాండా అనే కూస్ ఆవిడ ఉంది. రెండు కళ్ళూ కనబడవు. కూతురిని తండ్రి దగ్గర వదిలేయించి ఆవిడని నడిపించారు. దారి ఏది? ఇదే ఒడ్డు, ఇదే ఇసుక, మధ్యమధ్య కత్తుల్లాంటి రాళ్ళ కొండలు. కాళ్ళు చీరుకుపోయి ఆవిడ నడిచినచోటల్లా నెత్తురు మరకలు పడ్డాయని ఆ దండులోని రాయల్ బెన్సెల్ అనే కార్పొరల్ తన డైరీలో రాసుకున్నాడు. ఆ రాత లేకపోతే మనకి ఆవిడ పేరు కూడా తెలిసేది కాదు.

రిజర్వేషన్ కూడా నిలవలేదు. 1865లో యక్వినా బే ముక్క తీసేసుకున్నారు, 1875లో యాహాట్స్ వైపు ముక్క. వెస్ట్ గుర్రమెక్కేనాటికి తీరం 'ఖాళీ'గా కనబడటానికి ఇదీ కారణం. 1954 చట్టంతో కేంద్రం ఈ తెగల్ని తెగలుగా గుర్తించడమే మానేసింది. కొట్లాడి సిలెట్జ్ వాళ్ళు 1977లోనూ, కూస్, లోయర్ అంప్‌క్వా, సయూస్లా తెగలు 1984లోనూ ఆ గుర్తింపు తిరిగి తెచ్చుకున్నారు. రెండు పరిణామాలూ పక్కపక్కనే నడిచాయి చూడండి: జనం వాడుక హక్కయిందని కోర్టు చెప్పిన 1969లో, ఆ వాడుక మొదలుపెట్టిన జనం చట్టం దృష్టిలో లేనే లేరు. నేను తీర్పుని తప్పు పట్టడం లేదు. ఈ దేశంలో జానెడు నేల లేని నాలాంటి వీసా మనిషి కూడా ఎవర్నీ అడక్కుండా ఆ ఇసుకలో కూర్చోగలిగాడంటే ఆ తీర్పు వల్లే. కాకపోతే ఆచారం వారసులకి దక్కిందా, వచ్చినవాళ్ళకి దక్కిందా అన్నది వేరే ప్రశ్న. అది మా ఆవిడ అడిగింది, అంతకుముందు అడిగినంత తేలికగానే. నా దగ్గర జవాబు లేదు.

2009లో యాహాట్స్ ఊరివాళ్ళూ, తెగలవాళ్ళూ, అటవీశాఖ కలిసి అమాండా పేరుతో ఒక కాలిబాట తెరిచారు. యాహాట్స్ నుంచి కేప్ పెర్పెచువా కొండ మీదికి, స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి పోతుంది. మీరెప్పుడైనా అటు వెళితే బండి కొండ కింది క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టుకోండి. హుకప్పులు ఉండవు, నీళ్ళ ట్యాంకు ముందే నింపుకుని వెళ్ళాలి. ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, వాన పడితే జారుతుంది. మంచి బూట్లు వేసుకోండి.