తీగ కలిపిన చోట: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

అవతారిక

బాన్సువాడలో మా ఇంటి మేడగదిలో ఒక చెక్కపెట్టె ఉంది. మూత తీస్తే తొమ్మిది అల్యూమినియం పలకలు, వాటి నిండా నాబులు, నాబులకంటే ఎక్కువ జాక్ రంధ్రాలు కనిపిస్తాయి. చూసినవాళ్లంతా ముందు అడిగేది, "ఇదేం మిషన్?" అని. వాద్యం అంటే వెంటనే నమ్మరు. నొక్కడానికి మెట్లు లేవు, మీటడానికి తంత్రులు లేవు, ఊదడానికి గొట్టం లేదు. అది మాడ్యులర్ సింథసైజర్. అడిగినవాళ్లకు చెప్పడం కోసం ఒక వాక్యం కూర్చుకున్నాను:

"వేర్వేరు మాడ్యూళ్లు ర్యాకులో చేరి, వోల్టు మాట విని, ఆసిలేటర్ పుట్టించిన నాదాన్ని ఫిల్టర్ వడగట్టగా, ఎన్వలప్ చెప్పినంతే వీసీఏ విడువగా, ప్యాచ్ వల్ల అది వాద్యమవును."

చెప్పినప్పుడల్లా ఏదో ఒక పదం దగ్గర ఆగి విప్పాల్సి వస్తోంది. అందుకే పాత పద్ధతిలో పదం పదానికీ అర్థం రాస్తున్నాను.

వేర్వేరు మాడ్యూళ్లు

మాడ్యూల్ అంటే ఒకే ఒక్క పని చేసే భాగం. మా వీధి భజన మందిరంలో హార్మోనియం ఉంది. దాని తిత్తి, రీడ్లు, మెట్లు అన్నీ చేసినవాడే బిగించి ఇచ్చాడు. వాయించేవాడు వాటి వరస మార్చలేడు. మాడ్యులర్‌లో తిత్తి ఒకరి దగ్గర, రీడ్లు ఇంకొకరి దగ్గర కొని, దేన్ని దేనికి తగిలించాలో మనమే తేల్చుకుంటాం. వాద్యం తయారీ సగంలో ఆగి మన చేతికి వస్తుంది. మిగతా సగం మనదే.

ఈ ఆలోచన 1960ల నడుమ అమెరికాలో రెండు చోట్ల దాదాపు ఒకేసారి పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మూగ్, కాలిఫోర్నియాలో డాన్ బుక్లా. మన దేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌ను నెలకొల్పాడు. 1946లో న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పిన గీతా సారాభాయ్ కూడా ఆ స్టూడియోలో పనిచేశారు. 1972 వరకు అక్కడ రికార్డయిన టేపులు దశాబ్దాలపాటు సంస్థలోనే ఉండిపోయాయి. కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెలికితీశాక, 2023లో అవి ఆల్బమ్‌గా వచ్చాయి. ఇది పరాయి వాద్యం అనేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

ర్యాకులో చేరి

ఎవరో చేసిన భాగం ఇంకెవరో చేసిన పెట్టెలో పట్టాలంటే కొలత ఒకటి కావాలి. జర్మనీకి చెందిన డీటర్ డోఫర్ 1995లో ఏ-100 అనే వరుసతో ఆ కొలత ఇచ్చాడు. దాన్నే యూరోర్యాక్ అంటున్నాం. పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. లోపల ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల కరెంటు. బయట 3.5 మిల్లీమీటర్ల జాక్, అంటే మన ఇయర్‌ఫోన్ జాక్ సైజే. సైకిల్ ట్యూబు ఏ కంపెనీదైనా మన రిమ్ముకు పట్టినట్టు, ఈ కొలత వల్ల ఎవరి మాడ్యూల్ అయినా ఎవరి పెట్టెలోనైనా కూర్చుంటుంది. ఒక గది, ఒక సోల్డరింగ్ కడ్డీ ఉన్న మనిషి కూడా తయారీదారు కాగలిగాడు.

వోల్టు మాట విని

ఈ వాద్యంలో స్వరం అంటే ఒక వోల్టేజి. ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి, అంటే మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి చేరుతుంది. ఆ ఒక వోల్టును పన్నెండు భాగాలు చేస్తే పన్నెండు స్వరస్థానాలు. ఒక్కో మెట్టుకు 83 మిల్లీవోల్టుల పైచిలుకు.

మనకు ముఖ్యమైనది ఆ మెట్ల మధ్య ఉన్న జాగా. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియంను దూరం పెట్టింది. స్వరానికీ స్వరానికీ మధ్య జారే దారి దానికి లేదని, గమకం పలకదని అప్పటి ఆక్షేపణ. వోల్టేజికి మెట్లు లేవు, నీళ్లలా జారుతుంది. రిషభం నుంచి గాంధారానికి దూకనక్కర లేదు, మెల్లగా పాకవచ్చు. గాంధారం మీద నిలిచి ఊగవచ్చు. ఒక నెమ్మది అలను ఆ వోల్టేజికి కలిపి, ఆ ఊపు ఎంత ఉండాలో సన్నగా సరిచూసుకుంటూ నేను గడిపిన రాత్రులు చాలానే ఉన్నాయి. భజనలో నా వేళ్లు హార్మోనియం మీద ఎప్పుడూ పట్టుకోలేకపోయిన కంపితం ఇక్కడ దొరికింది.

ఆసిలేటర్ పుట్టించిన నాదాన్ని

ఆసిలేటర్ ఈ వాద్యానికి గొంతు. రంపపు పళ్ల ఆకారంలో అల ఇస్తే అన్ని హార్మోనిక్స్, అంటే అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు, నిండిన బిరుసు నాదం వస్తుంది. చదరపు అలలో బేసి సంఖ్యవే ఉంటాయి కనుక బోలుగా వినిపిస్తుంది. సైన్ అలలో అసలు స్వరం ఒక్కటే.

అనలాగ్ ఆసిలేటర్‌కు ఎండ పడదు. దాని లోపలి ట్రాన్సిస్టర్లు వేడికి స్వభావం మార్చుకుంటాయి. తయారీదారులు వేడిని సరిదిద్దే రెసిస్టర్ పెడతారు కానీ, మా వేసవి నలభై డిగ్రీలు దాటితే మేడగదిలో అదీ చాలదు. పొద్దున కలిపిన శ్రుతి మధ్యాహ్నానికి పక్కకు జరుగుతుంది. మొదట్లో దీన్ని లోపం అనుకుని కుమిలిపోయాను. తర్వాత డప్పు గుర్తొచ్చింది. డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిశాకే దరువు మొదలుపెడతారు. చల్లబడితే మళ్లీ కాస్తారు. ఎవరూ డప్పును తప్పుపట్టరు. ఇప్పుడు నేనూ పెట్టె ఆన్ చేసి అరగంట ఆగుతాను, అది వేడెక్కి కుదురుకున్నాకే శ్రుతి కలుపుతాను.

శ్రుతి మాట వచ్చింది కనుక ఒక పేరు చెప్పాలి. బెంగళూరులో రాడెల్ సంస్థను స్థాపించిన జి. రాజ్ నారాయణ్ ఇంజనీరు, వేణువు వాయించేవారు కూడా. ఆయన 1979లో ఎలక్ట్రానిక్ తంబురా తెచ్చారు. ఈనాడు కచేరీల్లో గాయకుడి పక్కన కనిపించే శ్రుతిపెట్టెల వెనుక అలా తానే వాయించే ఒక ఇంజనీరు కృషి ఉంది. తనకు కావలసిన నాదం బజారులో దొరక్కపోతే తానే చేసుకునే మనిషిని నేను చిన్న తయారీదారు అంటాను.

ఫిల్టర్ వడగట్టగా

వడగట్టడం అంటే పై హార్మోనిక్స్‌ను తగ్గించడం. నాబు తిప్పేకొద్దీ నాదం ప్రకాశం నుంచి మెత్తదనంలోకి దిగుతుంది. కానీ ఫిల్టర్‌కు రెజొనెన్స్ అనే ఇంకో నాబు ఉంటుంది. దాన్ని పెంచి ఫిల్టర్‌ను కింది నుంచి పైకి నిదానంగా తిప్పండి. ఒకే షడ్జం నుంచి దాని లోపలి స్వరాలు ఒక్కొక్కటిగా తల ఎత్తుతాయి. మొదట పై షడ్జం, తర్వాత పంచమం, మళ్లీ షడ్జం, ఆ పైన అంతర గాంధారం.

బాగా శ్రుతి కలిసిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం దానంతట అదే వినిపిస్తుందని, దాన్ని స్వయంభూ గాంధారం అంటారని పెద్దలు చెబుతారు. తంత్రికీ బ్రిడ్జికీ మధ్య జీవ అనే నూలుపోగు సరైన చోట పడితేనే అది బయటికి వస్తుంది. పోగు కాస్త జరిగితే మాయం. ఫిల్టర్ నాబును గోరంత తిప్పి ఆ గాంధారాన్ని పట్టుకున్న రోజు, తంబురా గురించి పుస్తకాల్లో చదివింది నా వేలికి తెలిసింది.

ఎన్వలప్ చెప్పినంతే వీసీఏ విడువగా

ఈ రెండింటినీ విడదీసి చెప్పలేను. నిజాంసాగర్ కాలువ పారే ఊళ్లలో పెరిగినవాళ్లకు తూము సంగతి తెలుసు. తూము ఎంత ఎత్తితే అన్ని నీళ్లు. వీసీఏ, అంటే వోల్టేజి అదుపులో ఉండే ఆంప్లిఫయర్, అలాంటి తూము. దాని వెనుక నాదం ఎప్పుడూ నిండుగా నిలిచే ఉంటుంది, ఎంత వదలాలన్నదే ప్రశ్న. ఎప్పుడు ఎత్తాలో, ఎంతసేపు ఉంచాలో, ఎలా దించాలో చెప్పే లస్కర్, అంటే తూము కాపలాదారు, ఎన్వలప్.

లస్కర్ పనిలో నాలుగు దశలు. ఎత్తడం, కొంచెం దించడం, ఆ ఎత్తున నిలపడం, పూర్తిగా మూయడం. ఒక్కసారిగా ఎత్తి వెంటనే మూస్తే డప్పు మీద దెబ్బ. మెల్లగా ఎత్తి నిలిపితే సన్నాయి ఊపిరి. వెనుక ఉన్న నాదం అదే, తూము తీసిన తీరులోనే వాద్యం మారిపోయింది.

ప్యాచ్ వల్ల

ఒక మాడ్యూల్ రంధ్రం నుంచి ఇంకోదాని రంధ్రానికి కేబుల్ కలపడమే ప్యాచ్. మొత్తం వాక్యానికి ప్రాణం ఈ పదమే. 1983లో వచ్చిన యమహా డీఎక్స్-7 తనలో 32 నాదాలను దాచుకునేది, నంబరు నొక్కితే అదే నాదం మళ్లీ వచ్చేది. ఏ.ఆర్. రెహమాన్ ఒకప్పుడు తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించినవారే. అలా ఒక్క కీబోర్డులో ఇమిడిన నాదాలతో తెలుగు సినిమా పాట రూపు మారిన కాలం అది. నా పెట్టెకు ఆ జ్ఞాపకశక్తి లేదు. కేబుల్ పీకితే నాదం పోయినట్టే. ఫోనులో ఫొటో తీసుకుని మళ్లీ అలాగే కలిపినా, నాబు వెంట్రుకవాసి తేడాతో ఇంకోలా పలుకుతుంది. వాకిట్లో ముగ్గు మర్నాటికి ఉండదు, వేసే చెయ్యి ఉంటుంది. ఇదీ అంతే.

అధ్యాహారం: చిన్న తయారీదారు

వాక్యంలో లేని పదాన్ని తెచ్చి చేర్చుకోవడాన్ని వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. నా వాక్యంలో మాడ్యూళ్లు ఉన్నాయి, చేసినవాళ్లు లేరు. 1970లలో కాలిఫోర్నియాలో సెర్జ్ చెరెప్నిన్ భాగాలను కిట్లుగా ఇచ్చి, కొనుక్కున్నవాళ్లే అతుక్కునేలా చేశాడు. ఫ్రాన్స్‌లో ఎమిలీ జిల్లే మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో చేసిన మాడ్యూళ్ల సర్క్యూట్లనూ, ప్రోగ్రాములనూ అందరికీ తెరిచి పెట్టింది. 2022లో ఆ సంస్థ మూతపడింది. అయినా ఆ మాడ్యూళ్లను ఇతరులు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు. దుకాణం మూసినా విద్య ఆగలేదు.

నా అనుభవం ఒకటి. ఒక చిన్న తయారీదారు దగ్గర కొన్న మిక్సర్ మాడ్యూల్‌ను వచ్చిన రోజే ఆత్రంగా బిగించాను. స్విచ్ వేయగానే సన్నని పొగ, కాలిన వాసన. దాన్ని పట్టుకుని మా ఊళ్లో ఆంప్లిఫయర్లు బాగుచేసే అన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రిబ్బన్ కేబుల్ వైపు చూసి, "తమ్మీ, ఎర్రగీత ఎటుదిక్కు పెట్టినవ్?" అన్నాడు. ఎర్రగీత మైనస్ 12 వైపు ఉండాలి. తిరగేసి పెట్టింది నేనే.

తయారీదారుకు మెయిల్ రాస్తే మర్నాడే జవాబు వచ్చింది. ఏ ఐసీ పోయి ఉంటుందో బొమ్మ మీద చుట్టి చూపించి, కొత్త మాడ్యూల్ కొనవద్దు, ఇది మార్చుకో చాలు అని రాశాడు. కావలసింది టీఎల్072. అన్న దుకాణంలో అది లేదు. డబ్బాలో మన ఆంప్లిఫయర్ బోర్డుల్లో వాడే 4558 ఉంది, రెంటికీ కాళ్ల వరస ఒకటే. అది పెట్టి సోల్డర్ చేశాడు. నాదం కాస్త మొద్దుబారింది కానీ పలికింది. ఆ ఐసీని నేను ఇప్పటికీ మార్చలేదు.

తాత్పర్యం

ఏ మాడ్యూలూ ఒంటరిగా వాద్యం కాదు. నాదం కలిపిన చోట పుడుతుంది: తంత్రికీ బ్రిడ్జికీ మధ్య పోగు దగ్గర, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పోయే కేబుల్ దగ్గర. ఆ కలిపే పనిని చిన్న తయారీదారు తన దగ్గర దాచుకోకుండా మనకు వదులుతాడు. చెడిపోతే బాగుచేసుకునే దారి కూడా వదులుతాడు.

మాడ్యూల్ బాగైన సాయంత్రం అన్న మా మేడగదికి వచ్చాడు. చాలాసేపు చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత ఒక పసుపు కేబుల్ పీకి, ఏదో తోచి, పక్క రంధ్రంలో పెట్టాడు. సన్నాయిలా సాగుతున్న నాదం దరువుగా మారింది. ఆయన వెనక్కి జరిగాడు.

"ఇది నేన్ చేసిందేనా?"

"నువ్వు చేసిందే అన్నా."

ఆ కేబుల్‌ను ఆ రాత్రంతా అక్కడే ఉంచాను.