ఇన్వర్టర్లలో హార్మోనిక్స్ తగ్గింపు

డీసీని ఏసీగా మార్చేటప్పుడు 50 హెర్ట్జ్ మూల తరంగంతో పాటు దాని గుణిజాలుగా పుట్టే తరంగాలే హార్మోనిక్స్. చదరపు తరంగంలో మూడో హార్మోనిక్ మూల తరంగంలో 33 శాతం, ఐదోది 20 శాతం ఉంటాయి. కరెంటు పోయాక ఆ రకం ఇన్వర్టర్ మీద తిరిగే సీలింగ్ ఫ్యాను గుర్రుమనేది వీటివల్లే. పల్సుల వెడల్పును సైన్ తరంగాన్ని బట్టి మార్చే పీడబ్ల్యూఎం వీటిని రూపుమాపుతుందని అనుకుంటారు. నిజానికి అది చేసేది వాటి చోటు మార్చడమే. చదరపు తరంగపు మొత్తం వక్రీకరణ 48 శాతం, 0.8 మాడ్యులేషన్ సూచికతో నడిచే రెండు స్థాయిల సింగిల్ ఫేజ్ బ్రిడ్జిలో, ఫిల్టరుకు ముందు, అది 146 శాతం! అయినా రెండోదే మేలు. 10 కిలోహెర్ట్జ్ స్విచింగ్‌లో ఆ వక్రీకరణ దాదాపు అంతా ఆ పౌనఃపున్యం, దాని గుణిజాల చుట్టూ చేరుతుంది. పౌనఃపున్యంతో పాటు ఇండక్టర్ అడ్డూ పెరుగుతుంది కనుక చిన్న కాయిల్‌తోనే కరెంటు నునుపవుతుంది. 150 హెర్ట్జ్‌ను వడకట్టాలంటే మాత్రం బరువైన ఇనుప కోర్ తప్పదు.

స్విచింగ్ వేగంతో నష్టాలూ పెరుగుతాయి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. మెగావాట్ల డ్రైవుల్లో అది నిర్ణాయకం కూడా. అక్కడికి 1973లో పటేల్, హాఫ్ట్ ప్రతిపాదించిన పద్ధతి సరిపోతుంది: స్విచ్చులు మారే కోణాలను ముందే లెక్కగట్టి, కొద్దిపాటి స్విచింగ్‌తోనే ఐదు, ఏడు హార్మోనిక్స్‌ను సున్నా చేస్తారు. వదిలేసిన పై హార్మోనిక్స్‌లో కొన్ని పెరుగుతాయి, కానీ వాటిని వడకట్టడం తేలిక. త్రీఫేజ్ పీడబ్ల్యూఎంలోనైతే పల్సుల వెడల్పును నిర్ణయించే సైన్ తరంగానికి దానిలో ఆరో వంతు మూడో హార్మోనిక్‌ను కావాలనే కలుపుతారు. అది లైన్ల మధ్య రద్దవుతుంది. వక్రీకరణ తెచ్చే ఓవర్ మాడ్యులేషన్‌లోకి దిగకుండానే 15.5 శాతం ఎక్కువ వోల్టేజి దక్కుతుంది.