కటికవారి కత్తి, మొద్దు

నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ పారెడి కంభము, మార్కాపురము, గిద్దలూరు సీమలలో వాన తక్కువ, ఎండ మెండు; పైరు పండని యేటను సైతము మంద మనుష్యుని కాచెడిది. కావున ఇచ్చటి కటిక వృత్తి పూర్వోత్తరములను తెలిసికొన గోరువారు మొదట మందను చూచి, పిదప మొద్దు కడకు రావలెను. ఇచ్చటి నెల్లూరు జాతి గొఱ్ఱెలు పొడవైన కాళ్లు గలవి; వాని మేన ఉన్ని యుండదు, పొట్టి వెండ్రుకలే యుండును. తెల్లని పల్ల, మూతికిని కన్నులకును నల్లమచ్చలు గల జొడిపి, ఎఱ్ఱని డోర యని వానిలో మూడు తెగలు. ఉన్ని లేని జీవమును మాంసమునకే పెంచుదురు గనుక ఈ సీమలో కాపరికిని కటికవానికిని సంబంధము తరతరములది.

వృత్తి మాత్రము అంతకంటె ఎంతయో ప్రాచీనము. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సూనాధ్యక్షుడను అధికారిని నియమించి, అప్పటికప్పుడు కోసిన మాంసమునే ఎముకలు లేకుండ అమ్మవలెననియు, తూకము తగ్గినచో తగ్గినదానికి ఎనిమిది రెట్లు ఇచ్చుకొనవలెననియు శాసించెను. మిథిలలో మాంసమమ్ముకొని బ్రదుకుచు తల్లిదండ్రులను దైవములుగా కొలిచిన ధర్మవ్యాధుని చెంతకు కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము నెరుగగోరి వెళ్లిన కథ భారతమున నున్నది. దానిని తెలుగు చేసినవాడు అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన. ఆయనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి రాజధాని యగు అద్దంకి ఈ సీమకు పొరుగే యగుట నాకు మిక్కిలి సంతోషము గూర్చు సంగతి.

1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లా కటికవారిలో సుల్తానీ యను శాఖవారు కలరని పందొమ్మిదవ శతాబ్దపు జిల్లా మాన్యువల్ పేర్కొనగా, దక్షిణదేశపు కులములను వర్ణించిన థర్‌స్టన్ 1909 నాటి తన గ్రంథమున ఆ మాటను ఎత్తి వ్రాసెను. మహారాష్ట్రమునుండి వచ్చినట్లు చెప్పుకొను ఆరె కటికలు ఒకవైపు, ముస్లిం కసాయి కుటుంబములు మరియొకవైపు ఈ విద్యను నిలిపిరి. హిందువుల అంగడియందును కోతకు ముల్లాను పిలిచి ముస్లిం రీతిని జబా చేయించు వాడుక పెక్కు చోట్ల కలదు.

పనితనము సంతలోనే మొదలగును. పొట్టేలు నోరు తెరచి రెండు పళ్లదో నాలుగు పళ్లదో చూచి, వెన్నుపూసపై అరచేయి నడిపి, తోకమొదలు పట్టి, ఎంత మాంసము దిగునో కటికవాడు అక్కడనే మనసున తూచుకొనును. తెల్లవారకమునుపే కోత ముగియును. వెనుక కాళ్లను కొక్కెమునకు తగిలించి, తోలునకు గండి పెట్టి, పిడికిలిని తోలునకును కండకును నడుమ దూర్చి క్రిందికి త్రోయుచు వచ్చును. అచ్చట కత్తి నాశ్రయించినచో తోలునకు గాటు పడును, చర్మపు వర్తకుడు వెల తగ్గించును. పిదప చింతమొద్దుపై కారిజము, గుండెకాయ, తిల్లి, బోటి వేరుపడును. మూలుగ చిట్లకుండ నల్లిబొక్కను ఒక్క వ్రేటున తునుముట ఏండ్ల సాధనమున గాని రాదు.

కోసిన మాంసమును నిలువజేయుట వేరొక విద్య. ఇటలీ దేశమున ఉంబ్రియా మండలమందలి నోర్చా పట్టణపు కసాయివాండ్రు పందిమాంసమునకు ఉప్పు పట్టించి నెలల తరబడి మాగబెట్టుటలో ఆరితేరినవారు; 1615లో ఐదవ పాల్ పోపు రోమునందలి వారి సంఘమును గుర్తించెను. వారికి చలికాలము తోడుపడెను. మన కటికవానికి ఎండ అంత వ్యవధి నీయదు. మధ్యాహ్నములోపల మొద్దు కడుగవలసినదే. అందుచేత మిగిలిన కండను దాచు పని అంగడినుండి ఇల్లాలి చేతికి పోయెను. ఆమె దానిని సన్నని పేలికలుగా చీరి, ఉప్పు, పసుపు, కారము పట్టించి, దారమునకు గ్రుచ్చి, ఆ యెండలోనే ఆరవేసి ఉప్పుకండ చేసెను.

ఒక్క పూటలో చెల్లిపోవలసిన మాంసమునకు ఊరివారు కనుగొన్న యుపాయము పోగు. పదిమంది కూడి పొట్టేలును కొని, ఆకులు పరచి, ఒక్కొక్క దానిపై ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కొవ్వు, కారిజపు తునక, బోటి ముక్క వేయుదురు. త్రాసు లేదు, కోయువాని కన్నే తూనిక. ఏ పోగు ఎవరికి పోవునో ముందు తెలియదు గనుక పక్షపాతమునకు తావు లేదు. నా మట్టునకు కటికవాని విద్యలో ఇంతకన్న గొప్ప ఘట్టము లేదు. పట్టణపు అంగళ్లలో నేడు ఎలక్ట్రానిక్ కాటాలును, శీతల పేటికలును వెలసినను, పల్లెలలో కనుమనాడు పోగులు వేయించు ఇండ్లు ఇంకను కలవు. ఆనాడు చేయి తిరిగిన కటికవానికి తెల్లవారుజామునుండి తీరిక యుండదు.