మారతహళ్లిలో నా ఫీడ్ రీడర్

ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌ను 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ తెచ్చింది. సైట్‌లో కొత్త రచన చేరగానే దాని శీర్షిక, లింకు, తేదీ ఒక చిన్న ఫైలులోకి ఎక్కుతాయి. ఫీడ్ రీడర్ ఆ ఫైళ్లను మాటిమాటికీ చూసి, కొత్తవి ఏరి మన ముందు పెడుతుంది.

2005 అక్టోబరులో గూగుల్ రీడర్ వచ్చింది. అప్పుడు నేను బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసేవాణ్ణి. ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం. తెలుగు కోసం ముఖం వాచిపోయిన నాకు వీవెన్ నిర్వహించిన కూడలి అనే సైటు పెద్ద దిక్కయింది. దేశదేశాల తెలుగువాళ్ల రాతలు ఫీడ్ల ద్వారా అక్కడ ఒకే పేజీలో, కొత్తవి పైన, పాతవి కింద కనిపించేవి. నచ్చినవాళ్ల ఫీడ్లను రీడర్‌లో చేర్చుకునేవాణ్ణి. జె నొక్కితే తర్వాతి రచన, కె నొక్కితే ముందుది. చదవనివి వెయ్యి దాటితే లెక్క 1000+ దగ్గరే ఆగేది.

2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. ఫీడ్లు మాత్రం పోలేదు. పాడ్‌కాస్టులు నేటికీ వాటి మీదే నడుస్తున్నాయి. ఎవరిని చదవాలో పాఠకుడే తేల్చుకునే ఈ పద్ధతిని కొత్త తరానికి నేర్పడం మన బాధ్యత.