ధర్మాసుపత్రి అనే మాట



మన పెద్దవాళ్ళు సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేవారు. తమిళంలోనూ అదే మాట. నాగలాపురం చుట్టుపక్కల రేగడి పల్లెల్లో, ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలకు రెండు భాషల్లోనూ ఆసుపత్రి ధర్మాసుపత్రే. కాని ఒక్కసారి ఆలోచించండి. ధర్మం అంటే ఇచ్చేవాడి దయ. ఇస్తే పుచ్చుకుంటాం, లేదంటే ఊరికే తిరిగి వస్తాం. నిలదీసి అడగడానికి ఉండదు. మరి వైద్యం దయగా అందాలా, ప్రభుత్వ బాధ్యతగా అందాలా? ఈ వాదానికి వందేళ్ళ చరిత్ర ఉంది.

నాగలాపురం ఒకప్పుడు పాళెగాళ్ళ ఊరు. 1799లో వీరపాండ్య కట్టబొమ్మన మీద యుద్ధం ముగిశాక, ఈస్టిండియా కంపెనీ పాంచాలంకురిచ్చితోపాటు నాగలాపురం పాళెయాన్ని కూడా లాగేసుకుంది. శిస్తు వాళ్ళ చేతికి పోయింది. శిస్తు తీసుకున్నవాడు రైతు ప్రాణానికి ఏమి పూచీ పడ్డాడు? దొరల వైద్యం ముందు సైన్యానికి, తరువాత పట్టణాలకు. పల్లెకు మాత్రం నాటువైద్యుడు, మంత్రసాని, లేకపోతే దేవుడు.

1919 సంస్కరణలతో వైద్య, ఆరోగ్య శాఖలు రాష్ట్ర మంత్రుల కిందికి వచ్చాయి. ఓటు కొద్దిమందికే ఉన్నా, శాసనసభలో లేచి ప్రశ్న అడగడానికి ఒక మనిషి అంటూ దొరికాడు. 1921 నుంచి 1926 వరకు మద్రాసు మొదటి మంత్రిగా ఉన్న పానగల్లు రాజా మన తెలుగువారే. కాళహస్తిలో పుట్టారు. వైద్య కళాశాలలో చేరాలంటే సంస్కృతం వచ్చి ఉండాలన్న నిబంధనను తొలగించినది ఆయన ప్రభుత్వమే. పల్లెలో స్థిరపడే డాక్టరుకు ప్రభుత్వం కొంత భత్యం ఇచ్చే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే మొదలయింది. పేదలకు ఉచితంగా చూడాలి, మిగిలినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవచ్చు. మంచి ఆలోచనే. కాని ఫీజు ఇచ్చుకోగలవాళ్ళు నలుగురైనా లేని ఊళ్ళో ఆ డాక్టరు ఎన్నాళ్ళు నిలుస్తాడు? వాన కురిస్తే పంట, లేకుంటే ఎండు చేను అనే మన మెట్ట ప్రాంతంలో ఈ ప్రశ్న చిన్నది కాదు.

దీనికి జవాబు భోర్ కమిటీ చెప్పింది. 1943లో ఏర్పడిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంగా ఎవరూ వైద్యానికి దూరం కాకూడదన్నది దాని మూలసూత్రం. మొదటి మెట్టుగా 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది. 1952లో సమాజ వికాస పథకంతో ఆ కేంద్రాలు మొదలయ్యాయి. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాలలో ఒకటిగా చెప్పింది. అయితే అది ఆదేశిక సూత్రం. దాన్ని పట్టుకొని నేరుగా కోర్టుకు పోలేం. 1996లో మాత్రం సుప్రీంకోర్టు, అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యం నిరాకరించడం జీవించే హక్కుకు భంగమేనని తీర్పు చెప్పింది. ధర్మం అన్న మాట హక్కుగా మారడంలో అదొక పెద్ద అడుగు.

కోర్టు తీర్పు వస్తే చాలదు, అలమరలో మందు ఉండాలి. 1994లో తమిళనాడు ప్రభుత్వం మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. రాష్ట్రానికంతా ఒకేచోట టోకున కొని, జిల్లా గిడ్డంగులకు పంపి, అక్కడినుంచి ఆసుపత్రులకు అందించే పద్ధతి అది. తరువాత ఇతర రాష్ట్రాలు ఈ మార్గం పట్టాయి.

ఇక బీమా సంగతి. 2007లో ఆంధ్రప్రదేశ్ లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2009లో తమిళనాడులో కలైంజర్ బీమా పథకం వచ్చింది. ప్రభుత్వం మారాక 2012లో అది ముఖ్యమంత్రి పేరిట కొత్త పథకమయింది. పేరు మారింది కాని బీమా ఆగలేదు. ఆపితే జనం ఊరుకోరని రెండు పక్షాలకూ తెలుసు. రాజకీయ బాధ్యత అంటే ఇదే.

అయినా ఒక మాట చెప్పాలి. గుండె ఆపరేషనుకు బీమా కార్డు ప్రాణం నిలుపుతుంది. అర్ధరాత్రి చేలో పాము కరిస్తే కార్డు ఏం చేస్తుంది? దగ్గరలో తెరిచిన తలుపు ఉండాలి, లోపల నర్సు ఉండాలి, విషానికి విరుగుడు మందు ఉండాలి. కోవిల్పట్టిలో ఇంటి దగ్గరే అగ్గిపెట్టెలు అంటించే ఆడవాళ్ళకూ, కూలికి పోయే రైతుకూలీకీ ఫ్యాక్టరీ కార్మికుల ఇ.ఎస్.ఐ. వర్తించదు. వాళ్ళకు ఆధారం ఆ ఆరోగ్య కేంద్రమే. 2021లో మొదలయిన ‘మక్కళై తేడి మరుత్తువం’ కింద బి.పి., షుగరు మాత్రలు ఇంటికే తెచ్చి ఇవ్వడం చూస్తున్నాం. నడవలేని ముసలివాళ్ళకు అది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

1956లో కామరాజ్ గారు ఇక్కడికి దగ్గరలోని ఎట్టయపురంలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ప్రారంభించారు. ఖజానాలో డబ్బు ఎక్కడిదని అడిగినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఈనాడు ఆ అన్నాన్ని ఎవరూ భిక్ష అనరు. వైద్యాన్ని కూడా మనం అలాగే చూడడం నేర్చుకోవాలి.

కనుక ఓటు అడగడానికి వచ్చినవారిని పెద్ద ప్రశ్నలేమీ అడగనక్కరలేదు. మన ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట ఎవరుంటారు, పాము కాటుకు మందు ఉందా అని అడగండి. జవాబు విన్నాక, మరునాడు వెళ్ళి చూసి రండి. ధర్మాసుపత్రిలో అలా అడగడానికి మన తాతలకు నోరు రాలేదు. మనకు ఆ అధికారం ఉంది.