సొంతంగా చేసుకునే ఎలక్ట్రానిక్ వాహన మీటర్లు

కంపెనీ ఇచ్చిన మీటర్లకు తోడుగానో బదులుగానో, ఆర్డువీనో వంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో వాహన యజమాని తయారుచేసుకునే కొలత పరికరాలివి. ఇంజిన్ వేడి, ఆయిల్ ప్రెషర్, బ్యాటరీ వోల్టేజీ, ఆర్‌పీఎం లాంటివి వీటితో చూడవచ్చు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డువీనో ఈ పనిని ఇంజినీరింగ్ చదవనివాళ్ల చేతికీ తెచ్చింది. వీటి ముచ్చటంతా సాధారణంగా కార్ల చుట్టూ, రంగుల తెరల చుట్టూ తిరుగుతుంది. కామారెడ్డి జిల్లా బాన్సువాడ వంటి వరి ప్రాంతంలో మాత్రం వీటి అవసరం కారుకన్నా పాత ట్రాక్టర్‌కే ఎక్కువ. ఆ మీటరు నమ్మదగినదా కాదా అన్నది తెరను బట్టి కాక సెన్సర్‌ను, తీగలను బట్టి తేలుతుంది.

మంజీర మీద 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ కాలువల కింద నాట్లకు ముందు కరిగెట (దమ్ము) దున్నుతారు. ఇనుప కేజ్ వీల్స్ వేసుకున్న ట్రాక్టర్ బురదలో మెల్లగా కదులుతూ ఎక్కువ బరువు లాగుతుంది. రేడియేటర్ జాలికి గడ్డీ పొట్టూ పట్టితే గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుంది. డ్రైవర్ చూపేమో వెనక పనిముట్టు మీదా గట్టు మీదా ఉంటుంది. అతనికి కావలసింది ఇంజిన్ మోత మీద కూడా వినిపించే బజర్. అంకె ఎంత పెద్దదైనా చూడకపోతే దండగే.

వేడి కొలిచే సెన్సర్ థర్మిస్టర్; వేడి పెరిగితే దీని నిరోధం తగ్గుతుంది. ఆర్డువీనో యునో 0 నుంచి 5 వోల్టులను 1024 మెట్లుగా చదువుతుంది. బజారులో తేలిగ్గా దొరికే 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్, బీటా విలువ 3950 అయితే, 100 డిగ్రీల దగ్గర సుమారు 700 ఓమ్‌లకు దిగుతుంది. ఆ నిరోధాన్ని వోల్టేజీగా మార్చడానికి చాలామంది అలవాటుగా దానికి జతగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టరే పెడతారు. అప్పుడు ఆ వేడి దగ్గర ఒక్కో డిగ్రీకి రెండు మెట్లు కూడా రావు. 1 కిలో ఓమ్ పెడితే ఏడు వస్తాయి. ఒక్క రెసిస్టర్ మార్పు చేసే ఈ మేలు ఏ ఖరీదైన తెరా చేయలేదు. సరిచూసుకోవడానికి మరిగే నీళ్లు చాలు. అయితే నిజాంసాగర్ పూర్తి మట్టమే సముద్ర మట్టానికి 1405 అడుగులు. ఈ చుట్టుపక్కల నీళ్లు మరిగేది 100 దగ్గర కాదు, సుమారు 98.7 దగ్గర.

అంతకన్నా పెద్ద చిక్కు, చెడిపోయినప్పుడు మీటరు చెప్పే అబద్ధం. థర్మిస్టర్‌ను గ్రౌండ్ వైపు పెట్టిన సర్క్యూట్‌లో తీగ తెగితే బోర్డు 1023 చదివి, ఇంజిన్ చల్లగా ఉందంటుంది. కాబట్టి రెండు కొసల దగ్గరి విలువలను వేడిగా లెక్కగట్టకుండా లోపంగా చూపేలా ప్రోగ్రామ్ రాయాలి. రేడియేటర్ నీళ్లు కారిపోతే నీటిలో ఉండాల్సిన సెన్సర్ గాలిలో మిగిలి, ఇంజిన్ మాడుతున్నా తక్కువే చూపవచ్చు. అందుకే సిలిండర్ హెడ్ లోహం మీదే ఇంకో సెన్సర్ బిగించడం మేలు. కరెంటు విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే ఆల్టర్నేటర్ నుంచి పదుల వోల్టుల పోటు వస్తుంది, అరుదుగా వంద దాకా పోతుంది. ఫ్యూజు, పోటును అడ్డుకునే టీవీఎస్ డయోడ్ లేకుండా నేరుగా కలిపిన బోర్డు ఆ దెబ్బకు నిలవదు. మామూలు రకం ఎల్‌సీడీ తెరలు 50 డిగ్రీల వరకే పనికొస్తాయి. మే నెల ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు దాన్ని సులువుగా దాటుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఇంజిన్ కంప్యూటర్ సమాచారం ఇచ్చే ఓబీడీ పోర్టులో చిన్న అడాప్టర్ గుచ్చి ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అన్నది మొదటి ఆక్షేపణ. కొత్త కార్ల విషయంలో అది నిజమే. ఇంజిన్ కంప్యూటర్‌ను అడిగితే వచ్చే అంకె నుంచి 40 తీసేస్తే కూలెంట్ వేడి తెలుస్తుంది. దానికోసం వేరే సెన్సర్ పెట్టడం వృథా. కానీ పాత ట్రాక్టర్‌లో అడగడానికి కంప్యూటరే ఉండదు. 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కంప్యూటర్ నడిపే ఇంజిన్లను తెచ్చిన ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు కూడా 2023 జనవరిలోనే వచ్చాయి. అంతకన్నా చిన్నవాటిలో మెకానికల్ పంపుతో నడిచేవే ఎక్కువ. మరో ఆక్షేపణ బలమైనది: ముల్లున్న మెకానికల్ మీటరు చవక, దానికి ప్రోగ్రామ్ అక్కర్లేదు, మెకానిక్ ఎవరైనా బాగుచేస్తాడు. దీన్ని కొట్టిపారేయలేం. అందుకే ముల్లును పీకేయకుండా, దాని సెన్సర్ తీగ ముట్టుకోకుండా, కొత్త పరికరాన్ని వేరే సెన్సర్‌తో పక్కన పెట్టాలి. ఒకటి చెడితే రెండోది సాక్ష్యం చెబుతుంది. కారులో స్పీడోమీటరు జోలికి మాత్రం అసలే పోకూడదు. అది చట్టం అడిగే పరికరం, తప్పు చూపితే ప్రమాదం బండిలో ఉన్నవాళ్లకే కాదు. ఆర్‌పీఎం కావాలంటే డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులుండవు గనుక, ఆల్టర్నేటర్ మీద డబ్ల్యూ టెర్మినల్ ఉంటే అక్కడి పల్సులు లెక్కపెట్టి, పుల్లీల నిష్పత్తితో సరిచేసుకుంటారు.