హార్మోనియంలో తోలు (కళ - కులం: 7)

డప్పు గురించి రాసినప్పుడు కొందరు మిత్రులు, 'తోలు వాద్యాలు మనవే గానీ హార్మోనియం బయటిది కదా' అన్నారు. ఒకసారి పెట్టె విప్పి చూద్దాం.

పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ 1842లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో, నేల మీద కూర్చుని చేత్తో తిత్తి కొడుతూ వాయించేలా మార్చాడు. మామూలుగా చెప్పే చరిత్ర ఇక్కడితో అయిపోతుంది.

సిద్దిపేటలో మా ఇంట్లో ఉన్న పాత పెట్టె మూగబోతే, బాగుచేసే పెద్దాయన పక్కన కూర్చుని కొంత నేర్చుకున్న. ముందే రీడ్ల జోలికి పోవద్దన్నాడు. స్టాపర్లు మూసి, మెట్లు నొక్కకుండా తిత్తి నింపాలి. వెంటనే కూలబడితే గాలి కారుతున్నట్టు. ఎక్కువసార్లు కారేది తోలు దగ్గరే: తిత్తి మడతల మూలల్లో, గాలి పీల్చే రంధ్రాల మీది రెప్పల్లో, మెట్ల కింద మూతలకు అంటించిన పట్టీల్లో. ఏండ్లు గడిస్తే తోలు బిగుసుకపోతుంది, పురుగు తింటుంది, ఎలుక కొరుకుతుంది. పల్చటి మేకతోలో గొర్రెతోలో కొలిచి కోసి అంటించాలి. ఆ తర్వాతే రీడ్లు. ఇత్తడి నాలుకను కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. చెయ్యి జారి ఎక్కువ గీకితే ఆ రీడు పోయినట్టే. (ఇప్పటి కీబోర్డులో బోర్డు కాలిపోతే, పాత మోడల్‌కు సామాను దొరకడమే కష్టం. తోలు మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.)

ఈ దేశంలో తోలు పదును పెట్టే పనిని ఎవరి మెడకు కట్టారో చెప్పాల్సిన పని లేదు. లోపల తోలున్న పెట్టె భజన మందిరంలోకి పోయింది. లందలో చేతులు నానబెట్టినోళ్లు గడప బయటే నిలబడ్డారు.

1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. పరాయిదని, గమకం పలకదని వాదన. ఆ నిషేధం దాదాపు 30 ఏండ్లు నడిచింది. రేడియో వద్దన్న పెట్టెను మన పల్లె ఆటలు వదులుకోలేదు. మాదిగల ఆశ్రిత కులమైన చిందోళ్లు మద్దెల, తాళాల పక్కన దాన్ని పెట్టుకుని యక్షగానం ఆడారు. నిజామాబాద్ చిందు ఎల్లమ్మ పేరు మనకు తెలుసు. మన పక్క జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. వాళ్ల వెనక కూర్చుని పెట్టె వాయించినోళ్లు, రాత్రికి రాత్రి తిత్తికి అతుకు వేసినోళ్లు ఎవరు? పీహెచ్‌డీ రోజుల్లో నేను చదివిన యక్షగాన పరిశోధనల్లో కవి, ఛందస్సు, రాగం, తాళం దొరికాయి. వీళ్లు దొరకలేదు.

మీ ఊరి మేళంలో పెట్టె బాగుచేసే ముసలాయన బతికి ఉంటే వెళ్లి కూర్చోండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నడో, తోలు ఎక్కడి నుంచి తెచ్చేవాడో రాసి పంపండి. సిద్దిపేట చుట్టుపక్కల నేను మొదలుపెట్టిన. వచ్చే భాగం మద్దెల మీద.